మనోలిపి విన్న గొంతు

నూకరత్నం నోరు విప్పలేదు. అయినా మనోలిపి ఆమె జబ్బుకి పేరు పెట్టేసింది.

గురువారం ఉదయం పదిన్నర. కాకినాడలోని మా మానసిక వైద్య పరిశోధన కేంద్రం, మూడో నంబరు గది. ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. ఉప్పాడ అవతల ఓ పల్లె నుంచి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఒక్కతే వచ్చింది. ఇంట్లో నాలుగు నెలల బిడ్డ.

తోడు లేకుండా వచ్చినవాళ్ళకి మా దగ్గర ఓపీ చీటీ రాయరు. "ఇంట్లోవాళ్ళని తీసుకురా అమ్మా" అని పంపేస్తారు. ఆ రోజు చీటీలు రాసే మనిషి సెలవు. ఆమె నేరుగా వచ్చి కుర్చీలో కూర్చుంది.

నేను ఆమె తలకి టోపీ తొడిగాను. అరవై నాలుగు తీగలున్న పల్చటి టోపీ. బల్ల మీద ఓ పెట్టె, అందులో మైకు. పది నిమిషాలు మాట్లాడిస్తే చాలు. మెదడు కదలికల్నీ మాటల్నీ కలిపి చదివి ఓ కాగితం పట్టీ బయటికి తోస్తుంది. దాని మీద జబ్బు పేరు, పక్కన వందకి ఎంత నమ్మకంగా చెబుతోందో ఆ అంకె. అదే మనోలిపి. యంత్రం ఇంజనీరు ఫణిభూషణ్‌ది. దానికి వైద్యం నేర్పింది నేను. వచ్చే సోమవారం అది రాష్ట్రంలోని ఆరువందల పన్నెండు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పని మొదలుపెట్టాలి. వాటిలో ఒక్కదాంట్లో కూడా మానసిక వైద్యుడు లేడు.

"నిద్ర పడుతోందా అమ్మా? తినాలనిపిస్తోందా? ఎవరూ లేనప్పుడు మాటలేమైనా వినిపిస్తున్నాయా?"

నూకరత్నం నేలకేసి చూస్తూ కూర్చుంది. కన్నీళ్ళు లేవు, మాట లేదు. పది నిమిషాలయ్యాక పట్టీ వచ్చింది.

ఏ జబ్బూ లేదు. తొంభై నాలుగు.

ఆ మొహం చూసిన మెడికల్ విద్యార్థి కూడా ఆ మాట అనడు. రెండోసారి నడుపుదామని బటన్ నొక్కేసరికి తలుపు తోసుకుని ఓ నలభై ఏళ్ళ మనిషి లోపలికి వచ్చింది. పేరు మంగతాయారు. నూకరత్నం ఆడపడుచు.

"ఇక్కడున్నావా తల్లీ. రెండు బస్సులు మారి వచ్చానండి డాక్టరమ్మగారూ. బిడ్డని మా అమ్మ ఒళ్ళో పడేసి వచ్చేసిందండి ఈవిడ."

"కూర్చోండమ్మా. ఏం జరుగుతోంది ఇంట్లో?"

అడిగాక గాని తెలియలేదు, ఆ ప్రశ్న నేను మంగతాయారుని అడిగానని. పదిహేనేళ్ళ అలవాటు.

"మతి లేదండి దానికి. గోడకేసి చూసి నవ్వుతాదండి. బిడ్డ గుక్కపట్టి ఏడుత్తున్నా కదలదండి. దానిలో అది ఏదో గొణుక్కుంటాదండి. ఏదో పట్టిందన్నారు, తాయెత్తు కట్టించాం, తెంపేసిందండి. మా తమ్ముడు మెతకోడు కాబట్టి ఊరుకున్నాడండి, ఇంకోడైతేనా."

పది నిమిషాలు ఆవిడ ఆగలేదు. పట్టీ వచ్చింది.

స్కిజోఫ్రినియా. తొంభై ఒకటి.

రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. అదే తల, అదే టోపీ, అదే మౌనం. మధ్యలో మారింది ఒక్కటే. గదిలోకి ఓ గొంతు వచ్చింది.

"మీరు కాసేపు బయట కూర్చుంటారా?" అన్నాను.

మంగతాయారు నన్ను వింతగా చూసింది. "నేనాండి? అది చెప్పలేదు కదండీ. ఎక్కడికి తీసుకెళ్ళినా డాక్టర్లు జబ్బు మనిషితో మాట్టాడరండి, తీసుకొచ్చినోళ్ళతోనే మాట్టాడతారు."

"ఇవాళ ఆవిడతో మాట్లాడతాను."

"మీ ఇష్టమండి. గోడతో మాట్టాడినట్టుంటాది."

తలుపు వేశాను. యంత్రం ఆపేశాను. టోపీ తీసి పక్కన పెట్టి, ఏమీ అడక్కుండా కూర్చున్నాను. పావుగంట దాటింది. బయట ఎవరో రెండుసార్లు తలుపు కొట్టారు. లేవలేదు.

"నవ్వట్లేదండి," అంది నూకరత్నం. చాలా చిన్న గొంతు. "ఏడిత్తే పాలు ఇరిగిపోతాయని తిడతారండి. అందుకని పళ్ళు బిగబట్టుకుంటాను. ఆళ్ళకి నవ్వులా కనిపిత్తాది."

"గొణుక్కునేది?"

"లెక్కపెట్టుకుంటానండి. నూరు దాకా. నూరయ్యేదాకా లేవకూడదని. లేత్తే సముద్రం కాడికి పోవాలనిపిత్తాదండి. మొన్న గట్టు దాకా ఎళ్ళి తిరిగొచ్చేశాను."

కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్. తీవ్రంగా ఉంది, ప్రాణం మీదికి వచ్చే స్థితి. కానీ వైద్యం ఉంది, తిరిగి నిలబడే జబ్బు. ఆమెని అప్పుడే ఆడవాళ్ళ వార్డులో చేర్చుకున్నాను, బిడ్డని కూడా తెప్పించమన్నాను. మంగతాయారుకి జబ్బు పేరు చెప్పి, ఇది గాలీ కాదు పొగరూ కాదు, బాలింతల్లో చాలామందికి వస్తుందని చెప్పాను.

"మా అమ్మ కూడా నా తర్వాత అలాగే ఉండేదంటండి," అంది ఆవిడ. "నూతిలో పడబోతే ఎవరో లాగేశారంట. అప్పుడెవరూ ఏ పేరూ చెప్పలేదండి."

సోమవారం తర్వాత అయితే నూకరత్నాన్ని చూసేది నేను కాదు. ఏదో ఆరోగ్య కేంద్రంలో ఓ నర్సు. పట్టీ చూసి, దాని మీది మందులు ఇచ్చి, ఆడపడుచు వెంట ఇంటికి పంపేది.

*

ఫణిభూషణ్ రికార్డింగుల గదిలో ఉన్నాడు. తునివాడు, ముప్పై ఎనిమిదేళ్ళు. నాలుగు రోజులుగా అక్కడే తిండి, అక్కడే నిద్ర. నేను చెప్పింది విని నవ్వాడు.

"రెండు పట్టీలు చూసి మూడేళ్ళ పని అనుమానిస్తారా మైథిలిగారూ?"

"రెండు వందలు చూద్దాం. పాత రికార్డింగులు తియ్యి. మాటలు తీసేసి, టోపీ కదలికలు మాత్రం ఇవ్వు."

అరగంట పట్టింది. రెండు వందల పట్టీలు వచ్చాయి. రెండు వందల మీదా ఒకటే మాట. ఏ జబ్బూ లేదు.

ఫణి నవ్వు పోయింది. ఈసారి నేను చెప్పకముందే కదలికలు తీసేసి, మాటలు మాత్రం ఇచ్చాడు. పాత పట్టీలతో పోల్చాడు. నూట తొంభై ఏడు అచ్చంగా అవే.

దానికి మేం రెండు దారులు చూపించాం. మెదడు చదవడం కష్టం, గదిలో మాట వినడం తేలిక. యంత్రం తేలిక దారి పట్టింది. మాకు చెప్పలేదు. అరవై నాలుగు తీగల టోపీ మూడేళ్ళుగా అలంకారం.

"సరే, మాటలే అనుకుందాం," అన్నాడు ఫణి. "రోగి మాటల్ని బట్టి చెప్పినా తప్పేముంది? డాక్టర్లు చేసేదీ అదే కదండీ."

"రోగి మాటలా? ఎవరెంతసేపు మాట్లాడారో లెక్క తియ్యి."

తీశాడు. ఒక్కో రికార్డింగు సగటున పదకొండు నిమిషాలు. అందులో రోగి మాట్లాడింది నలభై సెకన్లు. మిగతాదంతా వెంట వచ్చినవాళ్ళు. భర్తలు, అత్తలు, అన్నలు, తల్లులు. ఓపీలో మేం అందరం ఎవరిని అడిగామో వాళ్ళ గొంతులే అవి. యంత్రం నేర్చుకున్నది జబ్బుల్ని కాదు. ఇంట్లోవాళ్ళ భయాల్ని.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"మూడువేల మూడువందల పద్దెనిమిది పెట్టు."

ఫణికి ఆ నంబరు తెలుసు. "వద్దండీ," అన్నాడు.

"పెట్టు ఫణీ."

అది నా తమ్ముడు సూరిబాబు రికార్డింగు.

రెండేళ్ళ కిందట వాడికి ఇరవై తొమ్మిది. చేపల రేవులో బోటు ఇంజన్ల మెకానిక్. ఉన్నట్టుండి మూడు వారాలు నిద్ర మానేశాడు. సముద్రపు నీటితో నడిచే ఇంజన్ తన తలలో తయారైపోయిందని నాలుగు బోట్ల ఇంజన్లు విప్పేసి రేవంతా పరిచాడు. బోటు ఓనర్లు కొట్టబోతే, నా వెనక దేవుడున్నాడు రండి అన్నాడు. నేను వాడిని ఇక్కడికి తీసుకొచ్చాను. మా నాన్నది స్కిజోఫ్రినియా. నాకు ఇరవై ఏడప్పుడు ఇల్లు వదిలి వెళ్ళి తిరిగి రాలేదు. నేను ఈ చదువు చదివిందే అందుకు.

స్పీకర్లో ముందు ఫణి గొంతు. "సూరిబాబుగారూ, మీకెలా ఉంటోంది?"

వెంటనే నా గొంతు. స్పష్టంగా, డాక్టరులా. "వినిపించనివి వినిపిస్తున్నాయి. తననెవరో నడిపిస్తున్నారని నమ్ముతున్నాడు. మా నాన్నకి ఇలాగే మొదలైంది, అచ్చం ఇలాగే." ఆగకుండా అలా తొమ్మిది నిమిషాలు. మధ్యలో ఒక్కసారి, మైకుకి దూరంగా, సూరిబాబు.

"అక్కా, అంతకుముందు ఎండాకాలం నేను..."

"నువ్వుండు సూరీ. నేను చెప్తున్నాగా."

తర్వాత వాడు మాట్లాడలేదు. పట్టీ వచ్చిన చప్పుడు. స్కిజోఫ్రినియా, తొంభై ఆరు. నేను ఊపిరి వదలడం కూడా వినిపించింది. అనుకున్నదే అయిందన్న ఊపిరి.

ఎండాకాలం ఏమైంది? వాడు నెలల తరబడి మంచం దిగలేదేమో. అప్పుడు నేను ఢిల్లీలో ఈ యంత్రానికి అనుమతుల కోసం తిరుగుతున్నాను. పాతాళానికి కుంగడం, తర్వాత ఆకాశానికి లేవడం. ఆ రెండూ కలిస్తే జబ్బు పేరే వేరు, బైపోలార్. దాని మందు వేరు, దాని దారి వేరు. మొదటి ఏడాది చదివే పాఠం. అడిగితే తెలిసేది. నేను అడగలేదు, నేనే చెప్పాను.

*

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి సూరి వసారాలో కూర్చుని పక్కింటివాళ్ళ టేబుల్ ఫ్యాన్ బాగుచేస్తున్నాడు. స్క్రూ పట్టుకున్న వేళ్ళు వణుకుతున్నాయి. జారిపోయింది. వంగి వెతుక్కున్నాడు. మందుల వల్ల పద్దెనిమిది కిలోలు పెరిగాడు, వంగడం కష్టం. రేవు పని రెండేళ్ళ కిందటే పోయింది. నాన్నలా వెళ్ళిపోతానేమోనని, పడుకునే ముందు వీధి తలుపు తాళం వాడే నాకు తెచ్చిస్తాడు.

"ఏంటక్కా, ఈ వేళప్పుడు? సోమవారం మంత్రిగారొస్తున్నారు కదా, చీర కొనుక్కోడానికా?"

పక్కన కూర్చుని అంతా చెప్పాను. రికార్డింగులో ఏముందో కూడా చెప్పాను. వాడు వింటూ స్క్రూ బిగించే ప్రయత్నం చేస్తూనే ఉన్నాడు.

"అంటే నాన్న జబ్బు నాకు రాలేదా?"

"రాలేదేమో. నేను ఇక ఏదీ గట్టిగా చెప్పను. రాజమండ్రిలో డాక్టర్ షమీమ్‌గారు ఉన్నారు. ఆవిడ చూడాలి. అప్పటిదాకా ఇప్పుడున్న మందులు ఆపకు, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం."

"రెండేళ్ళు రోజూ పొద్దున్నే అద్దంలో నాన్న మొహం వెతుక్కున్నాను." స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "నీకు తెలుసా ఆ సంగతి?"

"తెలీదు."

"అడిగితే చెప్పేవాణ్ణి."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

"అన్నం ఉందా?" అన్నాను.

"ఉంది. వంకాయ మాడిపోయింది. అది మాత్రం నా జబ్బు కాదు, గ్యాస్ పొయ్యిది."

*

శుక్రవారం ఉదయం ఫణి నా గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. రాష్ట్ర కమిటీకి నేను రాసిన లేఖ బల్ల మీద ఉంది. అందులో సూరి కేసు కూడా రాశాను, నా పేరుతో సహా. వాడి పేరు రాయొచ్చా అని ముందే అడిగాను. రాయమన్నాడు.

"పంపకండి," అన్నాడు ఫణి. "మా పెద్దమ్మని ఆరేళ్ళు ఓ దర్గా దగ్గర గొలుసుతో కట్టేశారు. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళి చూసొచ్చేవాళ్ళం, నాకు బిస్కెట్లు పెట్టేది. జబ్బుకో పేరుంటుందని, మందుంటుందని ఎవరికీ తెలీదు. ఈ యంత్రం నేను ఎందుకు చేశాననుకున్నారు?"

"తెలుసు ఫణీ."

"ఎంత కాదన్నా వందలో అరవై మందికి సరిగ్గా చెబుతోంది. అరవై గొలుసులు తెగుతాయి. ముందు మొదలుపెడదాం, తప్పులు తర్వాత దిద్దుకుందాం."

"ఆ అరవై ఎవరో తెలుసా? ఇంట్లోవాళ్ళు సరిగ్గా చెప్పినవాళ్ళు. మిగతా నలభై మంది ఇంట్లోవాళ్ళు భయపడ్డారు, లేదా వదిలించుకోవాలనుకున్నారు. మీ పెద్దమ్మని గొలుసుతో కట్టింది ఎవరు?"

అతను బల్ల మీది లేఖకేసి చూశాడు.

"ఇంట్లోవాళ్ళే కదా. వాళ్ళని మైకు ముందు కూర్చోబెడితే ఆవిడ గురించి ఏం చెప్పేవాళ్ళు?"

ఫణి వెళ్ళిపోయాడు. తలుపు గట్టిగా వెయ్యలేదు. నేను లేఖ పంపాను.

శనివారం పదకొండు గంటలకి కమిటీ వీడియో కాల్‌లో తెర మీద కూర్చుంది. ఏడుగురు. ఆరోగ్య శాఖ కార్యదర్శి నా లేఖ చదివించి, నన్ను వదిలేసి నేరుగా ఫణిని అడిగాడు. "ఇవన్నీ డాక్టరుగారి సొంత బాధలా ఉన్నాయి. మీరు ఇంజనీరు. ఒక్క మాటలో చెప్పండి. యంత్రం పనిచేస్తుందా, లేదా?"

ఫణి నావైపు చూడలేదు.

"పనిచేస్తుందండి," అన్నాడు. "టోపీ లేకపోయినా పనిచేస్తుంది. రోగి లేకపోయినా పనిచేస్తుంది. ఖాళీ కుర్చీ పెట్టి ఎవరి మీదైనా చాడీలు చెప్పండి, జబ్బు పేరు అచ్చువేసి ఇస్తుంది. నిన్న రాత్రి నా మీద నేనే చెప్పుకుని చూశాను. ఎనభై ఎనిమిది వచ్చింది."

సోమవారం కార్యక్రమం రద్దయింది.

రద్దయితే అంతా బాగుపడిపోదు. మా పట్టీలు పట్టుకుని మందులు వాడుతున్నవాళ్ళు ఏడువేల మూడువందల మంది. ఒక్కొక్కరినీ పిలిచి మళ్ళీ చూడాలి. జిల్లాలో ఉన్న మానసిక వైద్యులు నలుగురు. ఆరువందల పన్నెండు కేంద్రాల్లో బల్లలు ఖాళీగానే ఉన్నాయి. పిఠాపురం నుంచి ఓ తల్లి వచ్చి నా గది ముందు నిలబడి తిట్టింది. వాళ్ళబ్బాయికి పట్టీ సరిగ్గానే చెప్పింది, వాడు కోలుకున్నాడు. "మా చెల్లి కొడుక్కి కూడా టోపీ పెట్టిద్దామనుకున్నాం, మూసేశారు. ఇప్పుడు వాణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?" అంది. ఆవిడ అడిగింది న్యాయమే. మంగళవారాల ఓపీ రోజు చెప్పాను, ఎప్పుడైనా ఫోన్ చేయగల హెల్ప్‌లైన్ నంబరు రాసిచ్చాను, మందులు అయిపోతే ఆశా కార్యకర్తని అడగమన్నాను. ఆవిడ కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. తిట్టడం ఆపలేదు.

ఓపీ చీటీ బల్ల దగ్గర ఇప్పుడు ఫణి కూర్చుంటున్నాడు. తోడు లేకుండా వచ్చినా చీటీ రాస్తాడు. తోడు వచ్చినవాళ్ళని పావుగంట బయట బల్ల మీద కూర్చోబెడతాడు. దాని మీద రోజూ గొడవే.

*

ఆ తర్వాతి బుధవారం సూరిని రాజమండ్రి తీసుకెళ్ళాను. డాక్టర్ షమీమ్‌కి అరవై దాటాయి. చిన్న గది, రెండు కుర్చీలు, ఓ కూజా. పిలవగానే సూరి లేచాడు. నేనూ లేచాను. గుమ్మం దాకా వెళ్ళాక ఆగి, వెనక్కి వచ్చి వరండాలో కూర్చున్నాను. వాడు లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

గంటా పది నిమిషాలు. లోపలి నుంచి మాటలు వినపడుతున్నాయి, ఏమిటో తెలియడం లేదు. పదిహేనేళ్ళలో ఓ మానసిక వైద్యశాల వరండాలో, జవాబు తెలియని మనిషిలా కూర్చోవడం అదే మొదటిసారి. ఓసారి వాడు నవ్వడం వినిపించింది.

షమీమ్‌గారు బయటికి వచ్చి, సూరి ఒప్పుకున్నంతవరకే చెప్పారు. బైపోలార్. పాత మందు మెల్లగా తగ్గించాలి, లిథియం మొదలుపెట్టాలి, మొదట్లో వారానికోసారి రక్త పరీక్ష. చేతుల వణుకు చాలావరకు తగ్గవచ్చు. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనన్నారు.

"ఎండాకాలం ఏమైందండి?" అన్నాను.

"అది ఆయన్ని అడగాలి కదా, డాక్టరుగారూ," అన్నారు ఆవిడ.

సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు వాడికిచ్చాను. ద్వారపూడి దాటింది. నేను అడగలేదు. సామర్లకోటలో జామకాయలమ్మే ఆవిడ ఎక్కితే రెండు కొన్నాడు, ఒకటి నాకిచ్చాడు. బస్సు కదిలాక మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఎండాకాలం నుంచి కాదు. అంతకు చాలా వెనక్కి వెళ్ళాడు. వాడికి పదిహేనేళ్ళప్పుడు, నాన్న వెళ్ళిపోయిన నెలలో, ఉదయాలు లేవలేకపోయేవాడట. బడికి వెళ్తున్నానని చెప్పి రేవుకి వెళ్ళి, నిలిపి ఉన్న బోటులో సాయంత్రం దాకా పడుకునేవాడట. మేమంతా నాన్న కోసం ఊళ్ళు తిరుగుతున్నాం అప్పుడు. మూడుసార్లు నాకు చెప్పాలనుకున్నాడట. ఇవేవీ నాకు తెలియవు. మధ్యలో రెండుచోట్ల నా నాలుక చివరికి మాట వచ్చింది. జామకాయ కొరుక్కుని ఆపుకున్నాను.

కాకినాడ వచ్చింది. అందరూ దిగిపోయారు. కండక్టరు వచ్చి, "దిగాలండి, బస్సు డిపోకి పోతాది" అన్నాడు.

దిగి, బస్టాండులో ఖాళీగా ఉన్న బల్ల చూసుకుని కూర్చున్నాం. వాడి కథ ఇంకా ఇరవై రెండో ఏట్లోనే ఉంది. చెబుతున్నాడు. నేను వింటున్నాను.